ఇంటర్నెట్టు తీగ పనిచేయనిచో వరుసగా చూడవలసినవి

1956 నవంబరు 1 వరకు గద్వాల మన రాయచూరు జిల్లాలోనిదే. ఆ కాలమున చీర నమూనా కావలెనన్న ఒక మనిషి పోయి తేవలసి యుండెను. ఇప్పుడు నమూనా బొమ్మయు, గిరాకియు, బ్యాంకు లెక్కయు కంప్యూటరునకే వచ్చుచున్నవి. ప్రభుత్వ కార్యాలయములు సరుకు కొను ‘జెమ్’ అను అంగడి 2016లో ఇంటర్నెట్టు మీదనే తెరువబడినది. కావున ఇంటర్నెట్టు ఆగిన దినమున మన పనియు ఆగుచున్నది.

గత సంవత్సరము మా సంఘమున జరిగినది చెప్పెదను. ఒక వ్యాపారి నలువది చీరలకు ధర వ్రాసి సాయంత్రము లోపల పంపుమనెను. ఆ ఉదయమే కంప్యూటరులో ఇంటర్నెట్టు ఆగెను. నేను కంపెనీవారిని తిట్టుకొనుచు పెట్టె వెనుక నున్న చిన్న రంధ్రములో పిన్ను గ్రుచ్చితిని. దానితో పెట్టెలోని పేరు, రహస్యపదము చెరిగిపోయి, ఉన్నది కూడ పోయెను. మరునాడు వచ్చిన కుర్రవాడు తీగకొన పట్టుకొని, “సార్, దీని క్లిప్పు ఇరిగింది, అందుకే నిలబడతలేదు” అనెను. కొద్ది రూపాయల ప్లగ్గు! గిరాకి మాత్రము మరియొకరికి పోయెను. ఆ కూలి మన మగ్గములవారికి రావలసినది. తప్పు నాది గనుక ఈ పాఠము వ్రాయుచున్నాను.

పడుగులో పోగు తెగినచో మనము పడుగంతయు విప్పము. తెగిన చోటు వెదకి అచ్చటనే అతుకుదుము. ఇచ్చటను అదే పద్ధతి. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడవలెను. రెండు మార్చినచో దేనివలన బాగైనదో తెలియదు.

దారి ఇట్లుండును: వీధి నుండి సన్నని గాజు తీగ, అనగా ఫైబరు, ఇంటిలోని పెట్టెకు వచ్చును. పెట్టె నుండి రాగి తీగ కంప్యూటరునకు పోవును. ముందుగా నెల డబ్బు కట్టినదీ లేనిదీ చూచుకొని, తరువాత ఈ వరుసన పోవలెను.

1. లోపము ఏ వైపున? ఫోనులో మొబైలు డేటా ఆపి, ఇంటి పెట్టె యొక్క వైఫైతో ఏదైన తెరచి చూడవలెను. ఫోనులో వచ్చుచున్నచో పెట్టెయు బయటి తీగయు బాగున్నవి. లోపము రాగి తీగలోనో కంప్యూటరులోనో ఉన్నది. ఫోనులో కూడ రానిచో రెండవ అంశము చూడవలెను.

2. పెట్టె దీపములు. ‘పవర్’ దీపము వెలుగనిచో కరెంటు ప్లగ్గు, అడాప్టరు చూడవలెను. ‘లాస్’ అను దీపము ఎర్రగా వెలిగినచో గాజు తీగలో వెలుతురు వచ్చుట లేదని అర్థము. అది మనము అతుకగలది కాదు. “లాస్ దీపము ఎర్రగా ఉన్నది” అని కంపెనీకి చెప్పి, ఫిర్యాదు నంబరు వ్రాసికొనవలెను. గాజు తీగను మడువరాదు. దాని కొనలోనికి కన్ను పెట్టి చూడరాదు. అందులోని లేజరు వెలుతురు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయును. ఎర్ర దీపము లేనిచో పెట్టెను ఆపి, ఒక నిమిషము ఆగి, మరల వేసి, ఐదు నిమిషములు ఓపిక పట్టవలెను. పిన్ను మాత్రము గ్రుచ్చరాదు.

3. రాగి తీగ. రెండు కొనలను ఊడదీసి ‘టక్కు’మని చప్పుడగునట్లు మరల పెట్టవలెను. చాల కంప్యూటర్లకు తీగ పెట్టు రంధ్రము ప్రక్కన చిన్న దీపము ఉండును. అది వెలుగనిచో మొదట పెట్టెలో మరియొక రంధ్రమున పెట్టి చూడవలెను; అప్పటికిని కానిచో మరియొక తీగ వేసి చూడవలెను. ఈ తీగలో 8 సన్నని తీగలు 4 జతలుగా నుండును. 100 మెగాబిట్ల వేగమునకు 2 జతలు చాలును; 1000 మెగాబిట్లకు నాలుగును కావలెను. కావున ఒక జత తెగినచో ఇంటర్నెట్టు పూర్తిగా ఆగక, మందముగా నడచుటయు కలదు. తీగ 100 మీటర్లు మించరాదు. మగ్గము క్రిందుగా, కాలికి తగులునట్లు, ఎలుకలు తిరుగు మూలగా తీగ వేయరాదు.

4. కంప్యూటరు. సెట్టింగ్సులో నెట్‌వర్కు, అందులో ఈథర్నెట్ తెరచి, ‘ఐపీవీ4’ అను అడ్రసు చూడవలెను. ఇండ్లలో అది తరచుగా 192.168తో మొదలగును. 169.254తో మొదలైనచో పెట్టె అడ్రసు ఇయ్యలేదు, కంప్యూటరే తనకు తాను ఒకటి పెట్టుకొన్నదని అర్థము. అప్పుడు తీగను మరల చూచి, పెట్టెను, కంప్యూటరును ఒకదాని తరువాత ఒకటి ఆపి వేయవలెను. ఈథర్నెట్ ‘డిసేబుల్డు’ అని యున్నచో ‘ఎనేబుల్’ నొక్కవలెను.

5. అడ్రసు సరిగా నున్నను పేజీలు తెరుచుకొననిచో తేదీ, గంట చూడవలెను. పాత కంప్యూటరులో లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినచో తేదీ వెనుకకు పోవును. తేదీ తప్పైనచో బ్యాంకు పేజీలు తెరుచుకొనవు. ఒక్క పేజీయే రాక మిగిలినవి వచ్చుచున్నచో లోపము ఆ పేజీవారిది, మనది కాదు.

ఈ ఐదును చూచుటకు అరగంట చాలును. పిల్లలచేత ఈ వరుసను కాగితముపై వ్రాయించి కంప్యూటరు ప్రక్క గోడకు అంటించుడు.

కడపటి మాట. గడువున్న దినమున మొదట ఫోనులో మొబైలు డేటా వేసి పంపవలసినది పంపుడు, లేదా ఫోను హాట్‌స్పాటుతో కంప్యూటరు నడుపుడు. బాగుచేయుట తరువాత. ఆ దినమున నా జేబులో ఫోను ఉన్నది. ఆ సంగతి నాకు తోచలేదు.

— సంఘ కార్యదర్శి