డాక్యుమెంటేషన్ దగ్గరే ఆగిపోకండి

బీకామ్ పూర్తిచేసి ఎగుమతి కంపెనీలోనో, ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులోనో చేరిన అమ్మాయికి సాధారణంగా ఇచ్చే పని ఒకటే: డాక్యుమెంటేషన్. ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులు, బ్యాంకుకు వెళ్లే సెట్లు. "ఆడపిల్లలైతే ఓపిగ్గా చేస్తారు" అని మేనేజర్లు మెచ్చుకుంటూనే అంటారు. ఆమెతో పాటు చేరిన అబ్బాయిని మాత్రం పోర్టుకు పంపిస్తారు. నాలుగైదేళ్లు గడిచేసరికి కస్టమ్స్ వాళ్లు, షిప్పింగ్ లైన్ల వాళ్లు, లారీ ట్రాన్స్‌పోర్టర్లు అందరూ అతనికి ముఖపరిచయం. ఆమెకు వాళ్ల ఈమెయిల్ ఐడీలు తెలుసు, అంతే. మేనేజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు ఎవరికి ఇస్తారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మెచ్చుకోలు వెనకున్న నష్టాన్ని ముందే గుర్తించి ఈ రంగంలోకి రమ్మని చెప్పడానికే ఇది రాస్తున్నాను. రావద్దని మాత్రం ఎవరికీ చెప్పను. ఎందుకంటే మన రెండు తెలుగు రాష్ట్రాల బతుకుతెరువులో పెద్ద భాగం విదేశీ వ్యాపారంతో ముడిపడి ఉంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లోని రొయ్య, కాకినాడ రేవు నుంచి వెళ్లే బియ్యం, గుంటూరు యార్డులోని మిర్చి టిక్కీలు, హైదరాబాద్ చుట్టూ తయారయ్యే మందులు సరిహద్దు దాటితేనే డబ్బవుతాయి. అవి దాటాలంటే దారి తెలిసిన మనుషులు కావాలి.

ఆ దారి ఎలా ఉంటుందో ఒక్క కంటైనరు వెంట నడిచి చూద్దాం. గుంటూరు నుంచి తొడిమ తీసిన తేజ మిర్చి విదేశానికి వెళ్తోందనుకోండి. మొదటి ప్రశ్న హెచ్‌ఎస్ కోడ్. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి సరుకుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. మన దేశంలో దాన్ని ఎనిమిది అంకెలదాకా పొడిగించుకున్నాం. ఎండుమిర్చి కాయగా వెళ్తే 090421 కిందకు వస్తుంది. దాన్నే దంచినా, పొడి కొట్టినా 090422. చివర ఒక్క అంకె మారితే అవతలి దేశంలో పడే సుంకం మారవచ్చు, ఇక్కడ వచ్చే ప్రోత్సాహకం మారవచ్చు, జత చేయాల్సిన సర్టిఫికెట్లూ మారవచ్చు.

తర్వాత ఖాళీ కంటైనరు గోదాముకు వస్తుంది. అనుభవమున్నవాళ్లు సరుకు ఎక్కించే ముందు లోపలికి వెళ్లి నిలబడి, బయట నుంచి తలుపులు మూయిస్తారు. చీకట్లో ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టే. సముద్రం మీద వాన పడితే ఆ చిల్లులోంచే నీరు దిగి కాయ బూజు పడుతుంది. అందుకే ఆ కంటైనరును వెనక్కి పంపి వేరేది తెప్పిస్తారు. బాగున్నదైతే గోడలకు మందపాటి కాగితం పరిచి, తేమ పీల్చే సంచులు వేలాడదీసి, టిక్కీలు లెక్కపెట్టి పేరుస్తారు. దీన్నే స్టఫింగ్ అంటారు. చివర్లో తలుపుకు బోల్టు సీలు వేసి, దాని నంబరు రాసుకుని, ఫోటో తీస్తారు. 2016 జులై 1 నుంచి అంతర్జాతీయ సముద్ర భద్రత నిబంధనల ప్రకారం సరుకుతో నిండిన కంటైనరు మొత్తం బరువును ధ్రువీకరించి ఇవ్వకపోతే దాన్ని ఓడలోకి ఎక్కించరు.

ఈలోగా ఆఫీసులో కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు దాఖలవుతుంది. మొక్కల క్వారంటైన్ అధికారుల నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, పురుగు మందు పొగ పెట్టించినట్టు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ రావాలి. ఇవన్నీ ఓడ కటాఫ్ సమయానికి ముందే కావాలి. కస్టమ్స్ నుంచి ఎల్ఈఓ, అంటే ఎగుమతికి అనుమతి ఉత్తర్వు, వస్తేగానీ కంటైనరు ఓడ ఎక్కదు. ఒక్క సంతకం ఆలస్యమైతే ఆ ఓడ వెళ్లిపోతుంది, ఎగుమతిదారు మీద అదనపు చార్జీలు పడతాయి.

ఇక బ్యాంకు. కొనుగోలుదారు లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే ఎల్‌సీ, తెరిచి ఉంటే ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన దానికి సరిపోలాలి. ఎల్‌సీలో "తొడిమ లేని ఎండుమిర్చి" అని ఉండి ఇన్‌వాయిస్‌లో ఉత్త "ఎండుమిర్చి" అని పడితే తేడా ఉందంటూ బ్యాంకు డబ్బు ఆపేయగలదు. 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల ప్రకారం పత్రాలు చూసి చెప్పడానికి బ్యాంకుకు ఐదు పనిదినాలు గడువు. ఆ ఐదు రోజుల్లో అక్కడి మార్కెట్ పడిపోయిందా, కొనుగోలుదారు ఆ చిన్న తేడానే పట్టుకుని ధర తగ్గించమంటాడు. అప్పటికి సరుకు సముద్రం మీద ఉంటుంది. ఎగుమతిదారు ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. డాక్యుమెంటేషన్ చిన్న పని కాదు. వ్యాపారం మొత్తం ఆ టేబుల్ మీదుగానే నడుస్తుంది. కాకపోతే కంటైనరు లోపలికి ఒక్కసారీ వెళ్లని మనిషికి, సీలును చేత్తో పట్టుకుని చూడని మనిషికి ఆ కాగితాలు వట్టి కాగితాలుగానే మిగులుతాయి. బిల్ ఆఫ్ లేడింగ్‌లో సీలు నంబరు తప్పు పడితే అవతలి రేవులో ఏమవుతుందో ఊహకు అందదు. అందుకే చేరిన మొదటి ఏడాదిలోనే అడగండి: "సార్, స్టఫింగ్‌కు నేనూ వెళ్తాను." "నీకెందుకమ్మా ఆ దుమ్ము, డెస్కు చూసుకో" అంటారు. మళ్లీ అడగండి. మీరు తయారుచేసిన పత్రాల్లో తప్పులు తగ్గాలంటే సరుకు చూడాలని చెప్పండి. ఆ మాట అబద్ధమూ కాదు, కాదనడానికీ వీలుండదు.

రెండో మెట్టు లైసెన్సు. నా దృష్టిలో అమ్మాయిలకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దిగుమతి, ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టేవారిని ఇప్పుడు కస్టమ్స్ బ్రోకర్లు అంటున్నారు. వ్యాపారంలో ఇంకా పాత పేరే వాడుక, సీహెచ్ఏ. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల కింద ఇక్కడ మూడు రకాల కార్డులున్నాయి. ఇంటర్ చదివి బ్రోకర్ దగ్గర సహాయకులుగా చేరినవారికి హెచ్ కార్డు. కస్టమ్స్ పరీక్ష పాసైన ఉద్యోగులకు జీ కార్డు. బ్రోకర్ లైసెన్సుకు అర్హత పరీక్ష గట్టెక్కినవారికి ఎఫ్ కార్డు. డిగ్రీతో పాటు ఎంబీఏ, సీఏ, ఎల్ఎల్‌బీ లాంటి అర్హత ఉన్నవారు ఎఫ్ కార్డు పరీక్ష రాయవచ్చు. అవేవీ లేకపోయినా డిగ్రీ ఉండి, జీ కార్డుతో రెండేళ్లు పనిచేసినవారికీ అర్హత ఉంది. రాత పరీక్ష, మౌఖిక పరీక్ష రెండూ దాటాలి. సిలబస్‌లో కస్టమ్స్ చట్టం, టారిఫ్ వర్గీకరణ, విలువ నిర్ధారణ, విదేశీ వాణిజ్య విధానం వంటివి ఉంటాయి. పరీక్ష కష్టమైనదే. కానీ రోజూ షిప్పింగ్ బిల్లులు చూసే మనిషికి అందులో సగం అలవాటైన సంగతులే.

డెస్కు ఇచ్చేది మేనేజరు, తీసేసేదీ మేనేజరే. ఎఫ్ కార్డు మీ పేరు మీద ఉంటుంది. పెళ్లయి ఊరు మారినా, పిల్లల కోసం కొన్నాళ్లు ఆగినా, తిరిగి వచ్చినప్పుడు "మళ్లీ జూనియర్‌గా చేరండి" అనే మాట వినాల్సిన అవసరం తగ్గుతుంది. సొంత బ్రోకరేజీ పెట్టుకోవచ్చు, అర్హులైనవారి అవసరమున్న సంస్థతో బేరమాడనూ వచ్చు.

చదువు దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర వాణిజ్య శాఖ కింది ఐఐఎఫ్‌టీకి కాకినాడలో క్యాంపస్ ఉంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు అక్కడ చదవవచ్చు. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం రవాణా, లాజిస్టిక్స్ చదువుల కోసమే ఏర్పడింది. ప్రభుత్వ ఉద్యోగం కావాలనుకునేవారు ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లో కస్టమ్స్ ఎగ్జామినర్, ప్రివెంటివ్ ఆఫీసర్ పోస్టులను గుర్తుపెట్టుకోవాలి. సివిల్స్ రాసేవారిలో చాలామంది పట్టించుకోని ఇండియన్ ట్రేడ్ సర్వీస్ కూడా ఆ పరీక్ష ద్వారానే భర్తీ అవుతుంది. కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ కొత్త ప్రాంగణం మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ఉంది, 2024 జనవరిలో ప్రారంభమైంది. హైదరాబాద్‌లో మందుల ఎగుమతి వైపు వెళ్లేవారు విమాన సరుకులో ప్రమాదకర వస్తువుల రవాణాకు సంబంధించిన ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన రవాణా సంఘం) శిక్షణ తీసుకుంటే మంచిది. ఆ సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వీటిలో ఏదీ లేకుండా మామూలు డిగ్రీతో వచ్చినా ఈ రంగం తలుపు మూయదు. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలికి వచ్చేంత ఉంటుందని ఆశపెట్టుకోవద్దు.

పనిలో ఎదగడమంటే దారులు తెలియడం. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు ఎండుమిర్చిని ప్రత్యేక పార్శిల్ రైల్లో పంపారు. లాక్‌డౌన్ వల్ల లారీలు కదలడం కష్టమైన రోజులవి. అప్పట్లో రైల్వే చెప్పిన లెక్క ప్రకారం టన్నుకు రోడ్డు మీద 7,000 రూపాయలయ్యేది, రైల్లో 4,608కే వెళ్లింది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల రొయ్యల రైతుదాకా ఆ దెబ్బ తగిలింది. ఇలాంటప్పుడు ఏ కంపెనీ అయినా వెతికేది ఇంకో దారి, ఇంకో మార్కెట్, అక్కడికి కావాల్సిన సర్టిఫికెట్లు తెలిసినవారి కోసం. 2022 మే నుంచి యూఏఈతో, అదే ఏడాది డిసెంబరు నుంచి ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. వాటి కింద సుంకం రాయితీ దక్కాలంటే సరుకు ఇక్కడిదేనని నిరూపించే మూల ధ్రువపత్రం సరిగ్గా ఉండాలి. ఈ ఒప్పందాల నియమాలు ఓపిగ్గా చదివిన ఉద్యోగి సంస్థకు నేరుగా డబ్బు మిగులుస్తుంది. జీతం పెంచమని అడిగేటప్పుడు ఆ లెక్క బల్ల మీద పెట్టండి.

ఇబ్బందులు లేవని చెప్పను. 2021లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, నౌకా వాణిజ్య రంగ మహిళల అంతర్జాతీయ సంఘం విస్టా కలిసి చేసిన సర్వేలో సముద్ర రవాణా సంస్థల ఉద్యోగుల్లో మహిళలు 29 శాతమని తేలింది. ఓడల మీద పనిచేసేవారిలో వారి వాటా దాదాపు ఒక శాతమే. కంటైనర్ యార్డుల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేనిచోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఓడ కటాఫ్ అర్ధరాత్రి పడితే పని కూడా అర్ధరాత్రే. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ మహిళలు తమ సమ్మతితో రాత్రివేళ పనిచేయడానికి వీలు కల్పిస్తూ, భద్రత బాధ్యతను యజమాని మీద పెట్టింది. ఇది మీకు ఎవరో చేసే ఉపకారం కాదు, చట్టం.

కాబట్టి ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే మాట్లాడి రాకండి. రాత్రి పని ఉంటే ఇంటికి చేర్చే వాహనం ఉందా అని అడగండి. ఏడాదిలో కొన్ని నెలలైనా ఆపరేషన్స్‌లో, పోర్టులో పని ఇస్తారా అని అడగండి. జీ కార్డు పరీక్షకు మీ పేరు పంపిస్తారా, ఎప్పుడు పంపిస్తారు అని అడగండి. ఇద్దరు ముగ్గురు యజమానులు ఈ చివరి ప్రశ్నకు ఇచ్చే జవాబులు పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ చేరాలో తేలిపోతుంది. జీతం వెయ్యో రెండు వేలో తక్కువైనా పరీక్షకు పంపుతామని రాసిచ్చే చోటే చేరండి.