పిస్టన్‌కు ఏ లోహం మంచిది?



మన వంటశాలలో ఇనుప గరిటె, సత్తు గరిటె రెండూ వేడి సాంబారులో పెట్టి పట్టుకోండి. సత్తు గరిటే ముందు చెయ్యి కాలుస్తుంది. సత్తు అంటే అల్యూమినియం. ఈ గుణమే ఇంజన్లను మార్చింది. ఎలాగో చెప్తాను.

ఇంజన్‌లో సిలిండర్ అనే గొట్టం ఉంటుంది. దానిలో పైకీ కిందికీ ఆడేది పిస్టన్. ఇంజన్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే పిస్టన్ 3000 సార్లు ఆగి వెనక్కి మళ్ళాలి. అంటే సెకనుకు 50 సార్లు! నిండు బిందెతో పరుగెత్తేవాళ్ళు చటుక్కున మళ్ళలేరు కదా. అందుకే పిస్టన్ తేలికగా ఉండాలి.

మొదట్లో పిస్టన్లు పోత ఇనుముతో చేసేవారు. అది వేడికి తట్టుకుంటుంది, తొందరగా అరగదు. కానీ బరువు. ఒక ఘన సెంటీమీటరు పోత ఇనుము సుమారు 7.2 గ్రాములు. అల్యూమినియం 2.7 గ్రాములే.

1913లో బెంట్లీ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఫ్రాన్సులో ఒక కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన చిన్న అల్యూమినియం పిస్టన్ చూశాడు. నిజం పిస్టన్ ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, లోపలి మంట అంతకన్నా చాలా ఎక్కువ. కరిగిపోదా అని అందరికీ భయం. కానీ అది వేడిని గబగబా సిలిండర్ గోడకి ఇచ్చేస్తుంది, గరిటె మన చేతికి ఇచ్చినట్టే. అందుకే కరగలేదు. ఉత్త అల్యూమినియం మెత్తన. అందుకని 88 పాళ్ళ అల్యూమినియంలో 12 పాళ్ళు రాగి కలిపారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. విమాన ఇంజన్లలోకీ ఈ పిస్టన్లు వెళ్ళాయి.

ఇక్కడొక చిక్కు. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 80 మిల్లీమీటర్ల పిస్టన్ 200 డిగ్రీలు వేడెక్కితే ఇనుముదైతే సుమారు 0.18 మి.మీ., అల్యూమినియందైతే 0.37 మి.మీ. పెరుగుతుంది. సందు చాలకపోతే ఇంజన్ పట్టేస్తుంది. రోడ్డు మీదైతే బండి ఆగుతుంది. ఆకాశంలో అయితే పైలట్ ప్రాణమే పోవచ్చు! సందు ఎక్కువ వదిలితే, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ గోడకి టకటకా కొట్టుకుంటుంది.

తర్వాత సుమారు 12 పాళ్ళు సిలికాన్ కలిపి చూశారు. వ్యాకోచం తగ్గింది, అరుగుదల కూడా తగ్గింది. ఇప్పటి మోటారు సైకిళ్ళ పిస్టన్లు ఎక్కువగా ఈ రకానివే.

ఒక్క లోహంలోనే అన్ని మంచి గుణాలూ ఉండవు. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. అదే మిశ్రమ లోహం.

ప్రశ్న: 100 ఘన సెంటీమీటర్ల పోత ఇనుప పిస్టన్‌కి బదులు అంతే అల్యూమినియం పిస్టన్ పెడితే ఎన్ని గ్రాములు తగ్గుతుంది? లెక్క చేసి నాకు చూపించండి.

– 9వ తరగతి విద్యార్థిని