ఇంటి చుట్టూ తేనెపట్టు, కందిరీగల గూడు: ఏది తీయాలి, ఏది ఉంచాలి?

వీడియోలో మీరు చూసిన మూడు గూళ్ళూ మన పొలం దగ్గర ఇంటివే. పశువుల కొట్టం రేకు కింద ఒకటి, నిమ్మచెట్టులో ఒకటి, వాటర్ ట్యాంక్ దిమ్మె కింద పెద్దది ఒకటి. వాటిలో ఒకటే తీశాం, రెండు ఉంచాం. ఎందుకనేది వీడియోలో టైము చాలక చెప్పలేదు, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గూడు కనబడగానే మనవాళ్ళు చేసే మొదటి పని కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్ పోసి కాగడా పెట్టడం. లేదంటే పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలితే పంపులో పోసి కొట్టడం. రెండూ వద్దు. మా పక్క ఊళ్ళో ఒకరింటి మీది పెద్ద తేనెపట్టుకు ఇలాగే పట్టపగలు మంట పెట్టారు. పెట్టినవాడు కంబళి కప్పుకొని తప్పించుకున్నాడు. ఈగలు దారిన పోయే కూలోళ్ళ మీద పడ్డాయి. వాళ్ళలో ఒక పెద్దాయన నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక మందు కొడితే ఆ విషం తేనెలో, మైనంలో ఉండిపోతుంది. పట్టు ఖాళీ అయ్యాక వేరే తేనెటీగలు వచ్చి ఆ తేనె ఎత్తుకుపోతాయి, అవీ చస్తాయి.

ముందు అక్కడున్నది ఏదో గుర్తు పట్టాలి. సగం పని అదే.

మైనంతో కట్టింది తేనెపట్టు. బూడిద రంగులో కాగితంలా ఉన్నది కందిరీగల గూడు. పాత వాసాలు, దుంగల మీద పీచు గీరి, నమిలి, ఉమ్మి కలిపి ఆ కాగితం తయారు చేస్తాయి. కందిరీగకు నడుము సన్నగా ఉంటుంది, ఒంటి మీద నూగు తక్కువ. గోడ మూలలో, కిటికీ చట్రంలో మట్టి ముద్దలా అతికించి ఉంటే అది ఒంటరిగా బతికే కందిరీగది. లోపల సాలీళ్ళనో, పచ్చ పురుగులనో కుట్టి, చచ్చుబడేలా చేసి, పిల్లకు తిండిగా దాస్తుంది. అది గూటికి కాపలా కాయదు, చేత్తో నలిపితే తప్ప కుట్టదు. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు, వదిలేయండి.

తేనెటీగల్లో మన ఇళ్ళ దగ్గర ఎక్కువగా మూడు రకాలు కనబడతాయి. నిమ్మ, గోరింట, కంచె కంపల్లో అరచేయంత ఒకే పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. చాలా సాధువు. మా నిమ్మచెట్టులోది అదే, కాయలు కోసేటప్పుడు ఆ ఒక్క కొమ్మ ముట్టుకోం, అంతే. రెండోది తొర్ర తేనెటీగ. చెట్టు తొర్ర, గోడ సందు, బోర్లించిన కుండ, కరెంటు మీటరు డబ్బా, ఇలా చీకటి ఉన్న చోట పక్కపక్కన నాలుగైదు పట్లు పెడుతుంది. పెట్టెల్లో పెంచేది ఈ రకాన్నే. కాబట్టి చంపడం అంటే డబ్బు తగలేసుకోవడమే. పిల్ల ఉన్న పట్లు కోసి, ఫ్రేములకు అరటి నారతో కట్టి, రాణితో సహా పెట్టెలోకి దించాలి. మేతకు పోయిన ఈగలన్నీ తిరిగి రావాలి కాబట్టి చీకటి పడేదాకా పెట్టెను అదే చోట ఉంచాలి. ఇది నేర్చుకున్నవాళ్ళతోనే చేయించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీలో తేనెటీగల పెంపకం మీద శిక్షణ ఇస్తారు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగినా నేర్చుకున్న రైతుల వివరాలు దొరుకుతాయి.

మూడోది కొండ తేనెటీగ, పెద్దది. ట్యాంకులు, అపార్ట్‌మెంట్ స్లాబులు, మర్రి, రావి కొమ్మల కింద మీటరు వెడల్పు దాకా ఒకే పట్టు, పైన దుప్పటి కప్పినట్టు ఈగలు. మనుషులు చచ్చిపోయేంత ప్రమాదం వచ్చేది ఎక్కువగా వీటితోనే. ఒకటి కుట్టిందంటే ఆ ముల్లు దగ్గర నుంచి ఒక వాసన వస్తుంది, పండిన అరటిపండు వాసనలా. మిగతా వాటికి అది పిలుపు. అందుకే ఒకటితో ఆగదు.

అయితే ఒక సంగతి. ఈ రకం ఒక్కచోట స్థిరంగా ఉండదు, పూత వెంట తిరుగుతుంది. మా వైపు మామిడి పూత టైములో వచ్చి, వేప, కానుగ పూతలు అయిపోయి వానలు పడే లోపు దానంతట అదే వెళ్ళిపోతుంది. మా ట్యాంకు ఇంటికి దూరం, కింద నడక లేదు. అందుకే ఉంచాం. పట్టు ఉన్నన్నాళ్ళు ట్యాంకు ఎక్కం, కింద చెత్త తగలబెట్టం. అదే పట్టు బడి వరండాలోనో, మెట్ల మీదో ఉంటే ఆగమని నేను చెప్పను. తేనె తీసే అనుభవం ఉన్నవాళ్ళను రాత్రిపూట పిలిపించి, చుట్టుపక్కల ఇళ్ళకు ముందే చెప్పి, పొగతో లేపించాలి. ఈగలు వెళ్ళిపోయాక మిగిలిన మైనం గీకేసి సున్నం కొట్టండి. లేకపోతే మళ్ళీ పూతకు అక్కడికే వస్తాయి.

కొమ్మకు ఉన్నట్టుండి గుంపు వేలాడుతూ, పట్టు ఏమీ లేకుండా కనబడితే అది దారిలో ఆగిన గుంపు. కడుపు నిండా తేనె తాగి ఉంటాయి, కాపాడుకోవాల్సిన పిల్లా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. రాళ్ళు వేయకుండా పిల్లల్ని ఆపితే చాలు.

ఇక కందిరీగలు. మన పద్ధతిలో వ్యవసాయం చేసేవాళ్ళకు ఇవి జీతం లేని కూలీలు. పిల్లలకు పెట్టడానికి రోజంతా పచ్చ పురుగుల్ని వేటాడి తెస్తాయి. వంగ, క్యాబేజీ మడుల దగ్గర గూడు ఉంటే నేను ముట్టుకోను. కానీ మా అమ్మకు కందిరీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఆయాసం వస్తుంది. ఆమె పొద్దునా సాయంత్రం పాలు పితికే కొట్టంలో తలకు రెండు అడుగుల పైన గూడు అంటే, పురుగుల లాభం చూసుకునే పరిస్థితి కాదు. తీసేశాం.

గూడు కొత్తగా, నాలుగైదు గదులతో ఉన్నప్పుడు ఈగ లేని టైము చూసి పొడవాటి కర్రతో రాల్చేస్తే సరిపోతుంది. పెద్దదైతే బాగా చీకటి పడ్డాక చేయాలి. ఫుల్ చొక్కా, మందపాటి ప్యాంటు, ముఖానికి దోమతెర, చేతికి గ్లౌజులు. టార్చికి ఎర్ర కవరు కట్టండి, తెల్ల వెలుతురు వేస్తే నేరుగా మీ మీదికే వస్తాయి. లీటరు నీటికి నాలుగు పెద్ద చెంచాల గిన్నెల లిక్విడ్ సబ్బు కలిపి, స్ప్రేయర్‌తో దూరం నుంచి గూడు పూర్తిగా తడిసేలా కొట్టాలి. సబ్బు నీళ్ళకు వాటి ఊపిరి రంధ్రాలు మూసుకుపోతాయి, రెక్కలు తడిసి పడిపోతాయి. నిచ్చెన ఎక్కి మాత్రం చేయొద్దు. నేల మీద నిలబడి అందకపోతే అది మన పని కాదు. నల్లటి ఒళ్ళు, పొట్ట మీద పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగలు, ఫుట్‌బాల్ లాంటి మూసిన గూడు అయినా అంతే, మీరు చేయకండి.

నీమాస్త్రం కొడితే పోతాయా అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. పోవు. అది కొట్టగానే చంపే మందు కాదు. గూడు మీద కొడితే వాటికి కోపం వస్తుంది, మీరు పరిగెత్తాల్సి వస్తుంది. అలాగే విదేశీ వీడియోలు చూసి చలికాలం వస్తే గూడు దానంతట అదే ఖాళీ అవుతుందని ఎదురుచూడకండి. మన ఇళ్ళకు పట్టే రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ మీద బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గదగ్‌కర్ గారు దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. ఆ రకం గూళ్ళు మన వాతావరణంలో ఏడాది పొడుగునా నడుస్తాయి.

కుట్టినప్పుడు ఏం చేయాలి? గుంపు వెంటపడితే చేతులు ఊపుతూ నిలబడొద్దు. ముఖం కప్పుకొని, ఇంట్లోకో కారులోకో పరుగెత్తి తలుపు వేసుకోండి. బావిలో, చెరువులో దూకితే తల పైకెత్తేదాకా అక్కడే తిరుగుతుంటాయి. తేనెటీగ ముల్లు ఒంట్లోనే ఉండి విషం దించుతూనే ఉంటుంది, గోటితోనైనా సరే వెంటనే లాగేయండి. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, మళ్ళీ మళ్ళీ కుడుతుంది. సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. సున్నం, ఇనుము రుద్దడం అంటూ టైము పోగొట్టుకోవద్దు. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు తిరగడం, వాంతులు వచ్చినా నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. పదులకొద్దీ ఈగలు కుట్టిన మనిషి బాగానే ఉన్నట్టు కనబడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, తర్వాత కిడ్నీలు దెబ్బతినొచ్చు.

ఇంట్లో సందులు, వాడని పైపుల మూతులు, మీటరు డబ్బా రంధ్రాలు ఎండాకాలం ముందే మూసేయండి. కుళాయి దగ్గర తేనెటీగలు మూగుతుంటే ఇంటికి దూరంగా ఒక వెడల్పు మూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టండి, రోజూ ఎండిపోకుండా చూస్తే కొద్ది రోజుల్లో అక్కడికి అలవాటు పడతాయి.