రోబో మాత్రం వాళ్లదే

"రాత్రి పదకొండైనా వర్క్‌షాప్‌లోనే ఉంటోంది. పండక్కి రమ్మంటే రోబోకాన్ అని రోబోల పోటీ ఉందంటోంది. ఫోన్ చేసిందంటే డబ్బుల కోసమే." ఇంజినీరింగ్ చదివే పిల్లల తల్లిదండ్రులు తరచూ ఇలా వాపోతుంటారు. వాళ్ల బెంగను కొట్టిపారేయలేం. 75 శాతం హాజరు లేకపోతే చిక్కే, బ్యాక్‌లాగులు పేరుకుపోతే ప్లేస్‌మెంట్ల దగ్గర ఇంకా చిక్కు.

కానీ ఆ అమ్మాయి మనసులో ఏం నడుస్తోందో కూడా చూద్దాం. నిన్న తిన్నగా వెళ్లిన రోబో ఇవాళ ఎడమకు లాగుతుంది. తప్పు కోడ్‌లో ఉందా, చక్రం వదులైందా, బ్యాటరీ దిగిందా? ఏ గైడ్‌లోనూ జవాబు ఉండదు, ఒక్కొక్కటీ విప్పి చూసుకోవాల్సిందే. అంతలో మోటార్ డ్రైవర్ సర్క్యూట్ మాడిన వాసన వస్తుంది. మళ్లీ డబ్బులు కావాలని ఇంట్లో ఎలా చెప్పాలన్న భయం అప్పుడే పట్టుకుంటుంది. ఆ సమయంలో మనం "దీంతో ఏం ఒరుగుతుంది?" అన్నామంటే, తను ఇంకేమీ చెప్పదు.

2014లో పుణెలో జరిగిన ఏబీయూ రోబోకాన్ ఆట మన కోసమే పెట్టారేమో అనిపిస్తుంది నాకు. అందులో ఒకటి పేరెంట్ రోబో, ఇంకొకటి పిల్ల రోబో. పేరెంట్ రోబోను విద్యార్థి నడుపుతాడు. అది పిల్ల రోబోను ఎత్తుకెళ్లి ఉయ్యాల ఊపాలి. పిల్ల రోబోకు మాత్రం రిమోట్ ఉండదు. జంగిల్ జిమ్ దానంతట అదే ఎక్కాలి.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఇలాంటి పోటీల్లో ఎక్కువ జట్లు ఓడిపోతాయి. నెలల తరబడి చేసిన రోబో తీరా బరిలో దిగాక మొరాయిస్తుంది. ఆ బాధ చూడలేక తెలిసినవాళ్ల చేత చేయించి ఇస్తే, గెలిచినా ఆ గెలుపు తమది కాదని పిల్లలకే ముందు తెలిసిపోతుంది.

మరి మనం ఏం చేయాలి? డబ్బు సంగతి మొదట్లోనే తేల్చేద్దాం: ఇంతవరకు ఇవ్వగలం, ఆపైన కుదరదు. ఏ సబ్జెక్టులో వెనకబడ్డారో పిల్లలనే చెప్పనిద్దాం. ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రోబోకు వాడే లిథియం పాలిమర్ బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకూడదు, ఉబ్బినదాన్ని అసలు వాడకూడదు. అది అంటుకుంటే ఆర్పడం కష్టం.

వీలైతే పోటీ రోజు వెళ్లి కూర్చోండి. ఓడిపోతే ఆ సాయంత్రం సలహాలు చెప్పకండి. జట్టు మొత్తానికీ భోజనం పెట్టించండి.