జర్మనీ గణాంకాలు: పన్ను వాటాల నుంచి ఎంగెల్ సూత్రం దాకా

గణాంకశాస్త్రం అనగానే మనకు అంకెలు గుర్తొస్తాయి. 1749లో గోటింగెన్ ఆచార్యుడు గాట్‌ఫ్రీడ్ అకెన్‌వాల్ ‘స్టాటిస్టిక్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు మాత్రం అందులో అంకెలు తక్కువ, రాజ్య వర్ణన ఎక్కువ. అంకెల అవసరం డబ్బు పంపకంతో బలపడింది. 1834లో అమల్లోకి వచ్చిన జర్మన్ కస్టమ్స్ యూనియన్ ‘జోల్‌ఫెరైన్’ సుంకాల రాబడిని సభ్య రాజ్యాలకు జనాభా ప్రకారం పంచేది. తల లెక్క తప్పితే ఖజానాకు నష్టమే. అందుకే మూడేళ్లకోసారి జనగణన!

పరీక్షల్లో ఎక్కువగా కనిపించే పేరు ఎర్నెస్ట్ ఎంగెల్. బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి 1857లో ఆయన చెప్పింది ఇదీ: ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో ఆహారం వాటా తగ్గుతుంది. వాటా తగ్గుతుందన్నాడు కానీ, తిండి ఖర్చే తగ్గుతుందనలేదు. అభ్యర్థులు తడబడేది ఇక్కడే. మార్క్స్ మిత్రుడు ఫ్రెడరిక్ ఎంగెల్స్ వేరే వ్యక్తి. ఎర్నెస్ట్ ఎంగెల్ తర్వాత బెర్లిన్‌లో ప్రష్యా గణాంక కార్యాలయానికి అధిపతి అయ్యాడు.



సామ్రాజ్య గణాంక కార్యాలయం 1872లో బెర్లిన్‌లో మొదలైంది. నేటి సమాఖ్య గణాంక కార్యాలయం ప్రధాన కేంద్రం మాత్రం వీస్‌బాడెన్.