న్యాయ సలహా: చేనిగట్టున బాలింత

కాజీపేట–విజయవాడ రైలుమార్గమున నున్న బోనకల్లు చుట్టుపట్ల గ్రామములలో మాఘ ఫాల్గుణ మాసములయందు మిరపకోత ముమ్మరమైనప్పుడు, ఊరి కూలిస్త్రీలతోబాటు భద్రాచలపు అడవిపల్లెలనుండియు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునుండియు ముఠాలుగా వలసవచ్చిన ఆడువారును చేలలో దిగుదురు. వారిలో పచ్చిబాలింతలును ఉందురు. మిరపఘాటు పట్టిన చేతులతో బిడ్డను ఒడిలోనికి తీసికొనవలసిన తల్లికి, ముందుగా ఆ చేతులు కడుగుకొనుటకు నీరును, కూర్చుండుటకు కొంత నీడయు, కూలి కోతపడకుండ కొంత విరామమును కావలయును. ఈ స్వల్పావసరముల విషయమున మన చట్టములు ఏమి చెప్పుచున్నవో, ఎచ్చట మౌనము వహించినవో ఈ వారము విచారింతము.

మొదట ఉద్యోగినుల సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, 2017లో జరిగిన సవరణతో, మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతనసహిత సెలవును అనుగ్రహించినది. అందులో ఎనిమిది వారములకు మించకుండ కాన్పునకు ముందే వాడుకొనవచ్చును. ఇద్దరు బిడ్డలు జీవించియున్న పిమ్మట కలుగు కాన్పునకు సెలవు 12 వారములే. గర్భస్రావమైనచో ఆరు వారములు. కాన్పునకు పూర్వపు పన్నెండు మాసములలో 80 దినములు పనిచేసియుండుట చాలును. తిరిగి పనిలో చేరిన తల్లికి, సాధారణ విశ్రాంతికి అదనముగా, బిడ్డకు పదునైదు నెలలు నిండువఱకు దినమునకు రెండుమార్లు పాలిచ్చుటకై విరామ మీయవలెను. ఏబదిమందికి తక్కువగాక పనిచేయు సంస్థ శిశుగృహము నేర్పరుపవలెను. తల్లి దినమునకు నాలుగుమార్లు అచ్చటికి పోయి బిడ్డను చూచుకొనవచ్చును. సెలవులో నున్నదను కారణమున ఆమెను తొలగించుట చెల్లదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఈ హక్కులను తనలో నిలుపుకొన్నది. కావున ఖమ్మము ప్రాంతపు పత్తిమిల్లులలోగాని, శీతల గిడ్డంగులలోగాని, పదిమందికి పైబడి సిబ్బందిగల ప్రైవేటు పాఠశాలలోగాని పనిచేయు స్త్రీ, "మాకడ ఆ పద్ధతి లేద"ను యజమాని మాటకు వెనుదీయ నక్కరలేదు. దినకూలి యనునదియు అడ్డంకి కాదు: ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరురోలుపై పనిచేసిన స్త్రీల వ్యాజ్యమున 2000వ సంవత్సరములో సుప్రీంకోర్టు, వారును ఈ ప్రయోజనమునకు అర్హులే యని తీర్పు చెప్పినది. తండ్రుల మాట కొద్దిగానే చెప్పవలసియున్నది, ఏలనన చట్టము వారికిచ్చినది కొద్ది. కేంద్రప్రభుత్వోద్యోగియగు తండ్రికి 15 దినముల సెలవు కలదు, ప్రైవేటు కొలువులలోని తండ్రులకు సామాన్యచట్టము ఏమియు నీయలేదు.

ఇక చేనిలోని తల్లి. ఆమెకు యజమాని ఒక్కడు కాడు. నేడొక రైతు చేను, రేపింకొకరిది. కూలిని లెక్కించి పంచువాడు ముఠామేస్త్రీ. పాలిచ్చు విరామమును గూర్చిన చట్టము ఆమెదాక చేరలేదని విచారముతో చెప్పవలసియున్నది. పని మానవీయముగ నుండవలెననియు, ప్రసూతి సహాయము కలుగవలెననియు రాజ్యమును ఆదేశించు 42వ అధికరణము రాజ్యాంగమున నుండగా, దేశమున పనిచేయు స్త్రీలలో అత్యధికులు చేయు వ్యవసాయపు పనియే ఆ ఆదేశపు ఫలమునకు దూరమగుట నాకు సహింపరాని లోపముగా తోచుచున్నది. ఉపాధి హామీ పనులను గూర్చి 2005 నాటి చట్టము కొంత మేలుచేసినది: పనిస్థలమున త్రాగునీరు, నీడ ఉండవలెననియు, తల్లుల వెంట చిన్నపిల్లలు అయిదుగురు వచ్చినచో వారిని కనిపెట్టుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి నీయవలెననియు విధించినది. ఈ నియమమునే మిరపచేలకు విస్తరింపజేయుటకు శాసనకర్తలకు అడ్డేమున్నది?

అయినను చేనిలోని తల్లి నిరాధార కాదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టపు నాలుగవ సెక్షన్ "ప్రతి" గర్భిణికిని, "ప్రతి" బాలింతకును అని స్పష్టముగ పలికినది. గర్భముతో నున్న కాలమంతయు, కాన్పైన పిమ్మట ఆరు మాసములును అంగన్‌వాడీద్వారా ఉచితభోజనము, దానికితోడు వాయిదాలపై ఆరువేల రూపాయలకు తక్కువగాని ప్రసూతి సహాయము ఆమె హక్కులు. ప్రభుత్వోద్యోగములలో నున్నవారికిని, అట్టి సహాయమునే వేరొక చట్టముక్రింద పొందువారికిని ఈ సొమ్ము వర్తింపదు. తెలంగాణమున 2015 జనవరి 1 నుండి నడచుచున్న ఆరోగ్యలక్ష్మి పథకములో అంగన్‌వాడీయందు పూటభోజనము, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గ్రుడ్డు ఇచ్చు ఏర్పాటున్నది. టీచరుగాని ఆయాగాని పెట్టుచున్న దయాభిక్షమని తలంచి మొగమోటపడు తల్లులను అనేకులను చూచుచున్నాము. అది చట్టము ఆమె పేర వ్రాసిన భాగము. ఆహారభద్రతా కార్డు ఆ నాలుగవ సెక్షనులో షరతు కాదు. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన గొత్తికోయ తెగ తల్లిని "ఇచ్చటిది కాదు" అని త్రిప్పిపంపుటకు "ప్రతి" యను ఆ మాట చోటీయదు. పిల్లలు నలుబదిమందియుండియు అంగన్‌వాడీ లేని గ్రామీణ జనావాసము కోరినచో మూడు మాసములలో దానిని నెలకొల్పవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించియున్నది.

ఆ ఆరువేల విషయమున ఒక మాట. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన తల్లికి మగబిడ్డయైన 12,000, ఆడుబిడ్డయైన 13,000 రూపాయలు నాలుగు వాయిదాలలో నిచ్చు పథకమును ఆరంభించినది. పథకములు వచ్చును, పోవును, పేర్లు మారును. ప్రభుత్వము మారినంతమాత్రమున పార్లమెంటు చట్టమున వ్రాయబడిన కనీసమొత్తము రద్దుకాదు. సొమ్ము రానిచో తల్లీబిడ్డల కార్డు నకలు, బ్యాంకు పాసుపుస్తకపు నకలు జతచేసి జిల్లా ఫిర్యాదుల పరిష్కారాధికారికి అర్జీ వ్రాయవలెను. ఖమ్మము కలెక్టరు కార్యాలయమున సోమవారపు ప్రజావాణియందును ఇచ్చి, రశీదు తప్పక అడిగి తీసికొనవలెను. అచ్చట న్యాయము దొరకనిచో రాష్ట్ర ఆహార కమిషనుకు అప్పీలు కలదు. ఫిర్యాదుల అధికారి సిఫారసు చేసిన సహాయమును అకారణముగ తొక్కిపట్టిన ఉద్యోగికి అయిదువేల రూపాయలవఱకు జరిమానా విధించు అధికారము ఆ కమిషనుకున్నది.

ఆసుపత్రి సంగతి మఱింత శ్రద్ధతో వినవలసినది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచుండగా, పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 37 మందియే. శస్త్రచికిత్సచేత జరిగిన కాన్పులు నూటికి 60కి పైబడినవి. ముర్రుపాలు పిండి పారబోయు పూర్వాచారమును నిందించుచు వచ్చినారము గాని, తొలిగంట చేజారుచున్నది నేడు వైద్యుల కన్నులయెదుటనే. కోత నొప్పిలో కదలలేని తల్లియొద్దకు బిడ్డను చేర్చి, ఎట్లు పట్టవలెనో చూపుట సిబ్బంది బాధ్యత. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, నెత్తురు, ఆహారము, ఇంటికి చేర్చు వాహనము అన్నియు ఉచితములే. సాధారణ కాన్పునకు మూడు దినములు, శస్త్రచికిత్సకు ఏడు దినములు భోజన ముండును. ఇంటికి వచ్చిన తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో తప్పక రావలెను. పాలు చాలవని దిగులుపడు తల్లి, రొమ్ము గడ్డకట్టి జ్వరము వచ్చిన తల్లి ఆమెను అడుగుటకు సంకోచింపరాదు.

ఈ దిగులుపైననే పాలడబ్బాల వ్యాపారము పెరిగినది. 1992 నాటి శిశుపాల ప్రత్యామ్నాయముల చట్టము, 2003 సవరణతో, రెండేండ్లలోపు బిడ్డల డబ్బాపాలకును, ఆహారములకును, పాలసీసాలకును ప్రకటనలను, ఉచిత నమూనాలను, తల్లులకు కానుకలను నిషేధించినది. ఆరోగ్య సిబ్బందికి తాయిలములిచ్చుటయు నేరమే. శిక్ష మూడేండ్లవఱకు చెఱసాల. అయితే సామాన్యుడు నేరుగా కోర్టుకెక్కుటకు వీలులేదు. ఆహార భద్రతాధికారికి వ్రాతమూలముగ తెలుపవలెను. వైద్యకారణముచేత డబ్బాపాలు పట్టవలసివచ్చిన తల్లి ఏ నేరమును చేయలేదు. చట్టము పట్టునది అమ్మువానిని, ఆమెను గాదు.

రైలుస్టేషనులోనో బస్టాండులోనో బిడ్డకు పాలిచ్చు తల్లిని లేపి పంపువారు 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినదానిని తెలిసికొనవలెను: బహిరంగస్థలములందు పాలిచ్చుటను చిన్నచూపు చూడరాదనియు, వానియందు అందులకు తగిన గదులు నేర్పరుప ప్రభుత్వములు యత్నింపవలెననియు ఆ న్యాయస్థానము పలికినది.

పైవానిలో దేనికైనను వకీలు సహాయము కావలసినచో, 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ అది ఉచితము. ఖమ్మములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితముపై అర్జీ వ్రాసినను చాలును, వ్రాయరానివారు 15100 సంఖ్యకు ఫోను చేసినను చాలును. కోర్టు రుసుములును, వకీలు ఫీజును ఆ సంస్థయే భరించును.