నగరంలో అద్భుతం – కథానిర్మాణం

జానపద కథలో అద్భుతం ఏడు సముద్రాల అవతల ఉంటుంది. అక్కడొక మర్రిచెట్టు, దాని తొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుని ప్రాణం. ఆధునిక రచయిత ఆ అద్భుతాన్ని నగరం నడిబొడ్డుకు తెచ్చాడు. సిటీ బస్సు, అద్దె గది, రైల్వే ప్లాట్‌ఫారం మొదలైన నిత్యపరిచితమైన చోట్లనే మాయలోకపు ద్వారం తెరుచుకుంటుంది. ఇటువంటి రచనను ‘అర్బన్ ఫాంటసీ’ అంటారు. తెలుగులో నగరాద్భుత కథ అనవచ్చు. లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో తొమ్మిదికీ పదికీ నడుమ మరొక ప్లాట్‌ఫారాన్ని కల్పించిన జె.కె. రౌలింగ్ ‘హారీ పాటర్’ నవలలు ఈ కోవకు దగ్గరివే.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త కాదు. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కథ ద్వారకానగరంలో, ఒక ఉద్యానవనంలో, ఉయ్యాల దగ్గర మొదలవుతుంది. ఉయ్యాల ఊగుతున్నది కలభాషిణి. ఆకాశమార్గాన నలకూబరునితో విమానంలో వెళ్తున్న రంభ గర్వంగా ఏదో పలుకుతుంది. నీవంటిది మరొకతె ఉండరాదా అన్న ధోరణిలో నారదుడు చిన్న చురక అంటిస్తాడు. చదువరికి అది కేవలం నారదుని స్వభావంగా తోస్తుంది. కాని కథ నడిచిన కొద్దీ కలభాషిణి రంభ రూపాన్ని, మణికంధరుడు నలకూబరుని రూపాన్ని ధరిస్తారు. అసలు జంట, మాయా జంట ఎదురుపడినప్పుడు ఆ చురక ఎంత దూరం చూసి వేసినదో అర్థమవుతుంది. 8 ఆశ్వాసాల కావ్యాన్ని చిక్కుముడులతో నడిపిన సూరన ఒక్క మాటనూ వృథాగా వదలలేదు. కట్టమంచి రామలింగారెడ్డి తన ‘కవిత్వతత్త్వ విచారము’లో ప్రధానంగా ఈ కావ్యాన్నే చర్చకు తీసుకొనడం గమనార్హం.

రాబోయే సంఘటనను ముందుగా స్ఫురింపజేసే ఈ నేర్పును సూచన అనవచ్చు. సూచనకు రెండు పనులుండాలి. మొదటిసారి చదివినప్పుడు అది ఆ సన్నివేశానికే పనికిరావాలి. రెండవసారి చదివినప్పుడు మాత్రమే దాని అసలు అర్థం బయటపడాలి. 1997లో వచ్చిన మొదటి హారీ పాటర్ నవల తొలి అధ్యాయంలో హాగ్రిడ్ ఎక్కివచ్చిన మోటారు సైకిలు సిరియస్ బ్లాక్ అనే యువకునిదని ఒక్క మాటలో చెప్పబడింది. పాఠకుడు ఆ పేరును అక్కడే మరచిపోతాడు. 1999 నాటి మూడవ నవల అంతా ఆ వ్యక్తి చుట్టూనే తిరుగుతుంది. ‘ఏదో కీడు జరగబోతోందని ఆమె మనసుకు తోచింది’ అని రాయడం సూచన కాదు, దండోరా.

సూరన కావ్యంలో ప్రణయానికి దక్కినంత చోటు స్నేహానికి దక్కలేదనే చెప్పాలి. ఆ లోటు తెలియాలంటే ‘పాతాళభైరవి’ (1951) చలనచిత్రాన్ని తలచుకోవాలి. తోట రాముడు రాకుమారిని ప్రేమించాడు, నిజమే. మిత్రుడు అంజి మారువేషంలో మాంత్రికుని ఏమార్చకపోతే ఆ ప్రేమ ఫలించేది కాదు. అంజి నవ్వించడానికి వచ్చిన పాత్ర మాత్రమే కాదు, కథకు అతడు ఇరుసు.

కొత్తగా కలం పట్టినవారు సాధారణంగా పొరబడేది ఇక్కడే. నాయకుడు ప్రవేశించగానే స్నేహితురాలు మాయమవుతుంది. నాయిక మాటలు వినడానికి తప్ప ఆమెకు పని ఉండదు. ప్రణయం, స్నేహం ఒకదానికొకటి అడ్డు తగిలేటట్లు అల్లితే ఈ దోషం పోతుంది. హైదరాబాదు హాస్టలులో ఇద్దరమ్మాయిలు ఒకే గదిలో ఉంటున్నారనుకుందాం. మొజంజాహీ మార్కెట్ గోపుర గడియారం దాటినప్పుడల్లా వారిలో ఒకామె సమయం పది నిమిషాలు తప్పుగా చెబుతుంది. నాయిక నవ్వుతుంది, పాఠకుడూ నవ్వుతాడు. ఆమెది అజాగ్రత్త అని ఇద్దరూ సరిపెట్టుకుంటారు. త్వరలో అదృశ్యం కాబోయేవారికి మాత్రమే ఆ గడియారం వేరొక కాలాన్ని చూపుతుందన్న సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. ఇంతలో నాయిక జీవితంలోకి ప్రేమ వస్తుంది. ఒక సాయంత్రం స్నేహితురాలు, ‘నీతో ఒక మాట చెప్పాలి’ అంటుంది. నాయిక అప్పటికే మెట్లు దిగుతూ, ‘వచ్చాక వింటానే’ అంటుంది.

ఆ జవాబులో ప్రణయం ఉంది, స్నేహానికి తగిలిన దెబ్బ ఉంది, జరగబోయేదాని నీడ కూడా ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి గదిలో రెండవ మంచం మీద పరుపు చుట్టి ఉంటుంది. ఈ గదిలో మీరొక్కరే కదా ఉంటున్నది అని వార్డెన్ అడుగుతుంది.